లెక్కలోకి రాని ఎత్తు

పోయిన మంగళవారం స్కూల్లో మూడో పీరియడ్‌లో ఉండగా అత్తయ్య ఫోన్ చేసింది. "మీ మావయ్య లేరమ్మా" అంది. అమలాపురం ఆసుపత్రిలో, గుండె జబ్బుతో, మా చిన్న మావయ్య వెళ్ళిపోయేరు.

రాజోలులో అందరికీ ఆయన గల్ఫులో ఆకాశమంత బిల్డింగుల మీద వెల్డింగు చేసొచ్చిన మనిషి. తిరిగొచ్చేక మాత్రం ఇంటి డాబా కూడా ఎక్కేవారు కాదు. ఫ్యాను తుడవాలంటే అత్తయ్య స్టూలెక్కేది. ఆయన కింద స్టూలు పట్టుకుని కళ్ళు మూసుకునేవారు. కారు గోదావరి వంతెన ఎక్కితే చాలు, పెదాలు ప్రార్థనలో కదిలేవి. మేం నవ్వేవాళ్ళం. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

అసలు సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఓ ఆదివారం వాళ్ళింట్లో కూర్చుని పిల్లల క్విజ్‌కి ప్రశ్నలు రాసుకుంటున్నాను. ఆకాశహర్మ్యాల ఎత్తు ఎలా కొలుస్తారో చదివి వినిపించేను. కొసన ఉన్న శిఖరం కట్టడంలో భాగం కాబట్టి లెక్కలోకి వస్తుందట, పైన బిగించిన యాంటెన్నా రాదట.

మావయ్య టీ గ్లాసు కింద పెట్టేరు.

"యాంటెన్నా లెక్కలో లేదా?"

"లేదండి మావయ్యా. కావాలంటే తీసేసేదే కదా, అందుకని."

"అయితే ఆ రోజు మేం ఎక్కడున్నట్టు?"

అప్పుడు చెప్పేరు. గల్ఫులో తను పనిచేసిన బిల్డింగు కప్పు మీద యాంటెన్నా స్తంభం, దానికి ఇనప నిచ్చెన. పైకి వెళ్ళింది ఇద్దరే, మావయ్యా, అంబాజీపేట మనిషి ఒకాయనా. అతను చిన్నప్పట్నించి కొబ్బరి చెట్లెక్కి కాయల దింపు తీసినవాడు, భయమంటే నవ్వేవాడట. పని సగంలో ఉండగా ఇసక గాలి లేచింది. రోడ్డు పోయింది, ఊరు పోయింది, కాసేపటికి కింద కప్పు కూడా కనపడలేదు. స్తంభం ఊగుతోంది. అంబాజీపేటాయన దాన్ని కావలించుకుని కళ్ళు మూసేసుకున్నాడు.

"దిగరా అంటే, 'కింద లేదన్నా' అంటాడు. ఎన్నిసార్లు పిలిచినా అదే మాట. 'కింద లేదు.'"

అతని కింద ఉన్న మావయ్య ఒక మెట్టు దిగి, అతని పాదం చేత్తో పట్టుకుని కింది మెట్టు మీద పెట్టేరు. తర్వాత రెండో పాదం. బెల్టు కొక్కెం విప్పి కింద తగిలించడం, మళ్ళీ పాదం. కప్పు చేరేక ఇద్దరూ లేవలేక బోర్లా పడుకుండిపోయేరట. ఆ తర్వాత ఇద్దరూ మళ్ళీ పైకెక్కలేదు, ఇంటికొచ్చేసేరు. అంబాజీపేటాయన ఇప్పుడు కొబ్బరి గోదాములో పని చేస్తున్నాడు, చెట్టు ముట్టుకోడు.

"మీకు భయం వెయ్యలేదాండి?"

"ఎందుకెయ్యదమ్మా! వాడి కాలు పట్టుకున్నప్పుడే నా చెయ్యి వణకడం ఆగేది. వదిలితే మళ్ళీ మొదలు."

"మరి ఎత్తు ఎలా కొలవాలంటారు?"

ఆయన టీ గ్లాసు మళ్ళీ అందుకున్నారు. "మనిషి ఎంతవరకూ ఎక్కితే అంతవరకూ. వాళ్ళకది తీసేసే వస్తువే కావచ్చు. మేం పట్టుకుని బతికింది దాన్నే."

ఆ ప్రశ్న క్విజ్‌లోంచి తీసేసేను. జవాబు ఏం రాయాలో నాకు తెలియలేదు. అప్పట్నించి ఎత్తైన బిల్డింగు ఫోటో చూస్తే నా కళ్ళు ముందు దాని కొసకే పోతాయి, అక్కడ ఎవరైనా ఉన్నారేమోనని.

ఆయన పోయే ముందు రోజు మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్ళేను. మూడో అంతస్తు, కిటికీ పక్క మంచం. ఆయన గోడవైపు తిరిగి, మంచం ఊచని గట్టిగా పట్టుకుని ఉన్నారు. "వేరే మంచం ఇప్పించమ్మా" అన్నారు. నర్సుని అడిగేను, ఖాళీ లేదంది. కర్టెన్ లాగి, కిటికీకీ ఆయనకీ మధ్య కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఊచ వదిలి నా పైటకొంగు పిడికిట్లో పట్టుకున్నారు, అలాగే కళ్ళు మూతపడ్డాయి. నా వెనకాల గాలికి కొబ్బరి మట్ట ఒకటి కిటికీ అద్దాన్ని రాస్తోంది. ఆ చప్పుడు ఆయన చెవిన పడకుండా, నోటికొచ్చిందేదో మాట్లాడుతూనే ఉన్నాను.