అనసూయ మార్కుల మెమో వెనకవైపు

1966 జూన్. తార్నాకలో, యూనివర్సిటీకి వెళ్ళే రోడ్డు మొదట్లో నాకు ఒక గది దుకాణం ఉండేది. రెండు టైపు మిషన్లు, ఒక బల్ల, ఒక బెంచీ. అప్లికేషన్లు టైపు చెయ్యడం, ఫారాలు నింపడం బోర్డు మీద రాసిన పని. బోర్డు మీద లేని పని పర్సెంటేజీ కట్టడం. బి.ఇడి.కి ఇంత, ఎం.ఏ.కి ఇంత అని కనీస మార్కులు ఉండేవి. వచ్చిన మార్కుల్ని మొత్తం మార్కులతో భాగించి నూరుతో హెచ్చవేస్తే పర్సెంటేజీ. చిన్న లెక్కే. అయినా పట్టా చేతిలో ఉన్నవాళ్ళు కూడా చాలామంది అక్కడ తడబడేవారు.

నేను చదివింది ఎనిమిదో తరగతి. గుడివాడ దగ్గర మా ఊరి రైసుమిల్లులో కాటా దగ్గర పనిచేస్తూ కూడికలు, భాగహారాలు పట్టుకున్నాను. మిగతాది పాత పుస్తకాలు కొనుక్కుని సొంతంగా నేర్చుకున్నాను. బి.ఏ.కి మొత్తం 600 మార్కులు. 200 నుంచి 600 దాకా ఒక్కొక్క దానికీ పర్సెంటేజీ కట్టి, పెద్ద కాగితం మీద పట్టిక రాసి గోడకి అంటించాను. మొత్తం 401 అంకెలు. ఆ పట్టికలో ఒక్క తప్పు లేదు. వచ్చినవాళ్ళ పేరు, పేట, మార్కులు, నేను చెప్పిన సలహా రిజిస్టరులో రాసుకునేవాణ్ణి. యూనివర్సిటీ ఆఫీసుకి వెళ్ళి అడిగే బదులు నా దగ్గరికి రావడమే మేలని జనంలో పేరు పడింది. ఆ పేరంటే నాకు ఇష్టంగా ఉండేది.

అనసూయ వాళ్ళమ్మతో కలిసి వచ్చింది. గోల్నాక నుంచి బస్సు మారి వచ్చారు. బి.ఏ. అప్పుడే పాసైంది.

"ఏం చదవాలనుకుంటున్నావమ్మా?" అన్నాను.

"చూపు లేని పిల్లలకు సదువు చెప్పాలె సార్. దానికి ఏం కోర్సులున్నయో మీ దగ్గర కాగితాలుంటయని చెప్పిన్రు."

వాళ్ళమ్మ యాదమ్మ అందుకుంది. "దీనికి కుడి కన్ను పుట్టినప్పటి నుంచి లేదు సారూ. ఎడమ కంటికి జానెడు దూరం కనిపిస్తది."

"జానెడు కాదు, బెత్తెడే. మా అమ్మ ఎప్పుడూ ఎక్కువ చేసి చెప్తది," అంది అనసూయ నవ్వుతూ.

అంతవరకు నన్ను ఎవరూ ఆ కోర్సు గురించి అడగలేదు. మూడు రోజుల తర్వాత రమ్మని, నా దగ్గరున్న ప్రాస్పెక్టసులన్నీ తిరగేశాను. తెలియనివాటికి యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేసే ఒకాయన్ని అడిగాను. మూడు దారులు తేలాయి. ఒకటి, ముందు ఇక్కడ బి.ఇడి. చేసి, తర్వాత వేరే రాష్ట్రంలో ఒక సంవత్సరం డిప్లొమా చెయ్యడం. చుక్కల లిపిలో చదువు చెప్పడం, చేతితో తడిమి తెలుసుకునే పటాలు తయారు చెయ్యడం అందులో నేర్పుతారు. అది ఉంటే హైస్కూలు తరగతులకి పూర్తి జీతపు టీచరు అవుతారు. రెండోది, ఎం.ఏ. సైకాలజీ చదివి ఆ వైపు వెళ్ళడం. అక్కడ బళ్ళని పర్యవేక్షించే ఉద్యోగాలు ఉంటాయి గాని పిల్లలతో గడిపేది తక్కువ. మూడోది, మెట్రిక్ మీద ఇచ్చే చిన్న సర్టిఫికెట్. దానితో ప్రైమరీ పిల్లలకే చెప్పాలి, జీతం సగం.

చెప్పిన రోజున వచ్చి ఇవన్నీ విన్నాక, "మొదటిదే కావాలె," అంది అనసూయ ఆలోచించకుండా.

మార్కుల మెమో తీసుకున్నాను. సబ్జెక్టులన్నీ చూసి మొత్తం దగ్గరికి వచ్చాను. 258. గోడ వైపు చూశాను. 43. బి.ఇడి.కి కనీసం 45 కావాలి.

"పన్నెండు మార్కులు తక్కువయ్యాయమ్మా. రాదు."

ఆ అమ్మాయి ఏదో అంది. నేనేదో జవాబు చెప్పాను. బెంచీ మీద కూర్చున్న కుర్రాళ్ళు నవ్వారు. నాకు గుర్తున్నది అంతే. ఫారం డబ్బులు దండగ చేసుకోకుండా మూడో దారి చూసుకోమని చెప్పి పంపించాను. రిజిస్టరులో 'అర్హత లేదు' అని రాశాను.

రెండేళ్ళు గడిచాయి. 1968 జూలైలో హబ్సిగూడ నుంచి ఒక యువకుడు బి.ఇడి. ఫారం నింపించుకోవడానికి వచ్చాడు. ప్రమాదంలో కుడి చేతి వేళ్ళు పోయినవాడు. నేను మెమో చూసి గోడ వైపు తల తిప్పుతుంటే, "ఆగుండ్రి సార్, కాగితం తిప్పి సూడుండ్రి, ఎనక ముద్ర ఉన్నది," అన్నాడు.

తిప్పాను. ఊదారంగు ముద్ర. ప్రాక్టికల్ పరీక్ష నుంచి మినహాయింపు ఇచ్చారని, ఈ విద్యార్థికి గరిష్ఠ మార్కులు 500 అని ఇంగ్లీషులో ఉంది. ముందువైపు ప్రాక్టికల్ గడిలో చిన్న గీత ఒక్కటే ఉంది.

ఆ గీతని నేను ఇంతకు ముందు చూశాను.

ఆ యువకుడి ఫారం అలాగే ఉంచి రిజిస్టరు తీశాను. 1966, జూన్ 14, అనసూయ, గోల్నాక. సైకాలజీ ప్రాక్టికల్ దగ్గర ఆ గీతని నా చేత్తో నేనే నకలు చేసుకున్నాను. దాన్ని సున్నా అనుకుని, పరీక్షకి వెళ్ళలేదేమో అనుకుని దాటిపోయాను. 258ని 500తో భాగించాను. 51.6. మళ్ళీ చేశాను. 51.6. మొదట ముద్ర వెనకవైపు వేసినవాళ్ళ మీద కోపం వచ్చింది. అర నిమిషం కూడా నిలవలేదు ఆ కోపం. "ఏమైంది సార్, మంచినీళ్ళు తాగుతరా?" అని ఆ కుర్రాడు అడుగుతున్నాడు. ఏడు నిమిషాల్లో నింపే ఫారం ఆ రోజు గంట పట్టింది.

మర్నాడు పొద్దున్నే గోల్నాక వెళ్ళాను. యాదమ్మ నన్ను గుర్తుపట్టి స్టూలు వేసింది. అనసూయ గుమ్మంలో వెలుతురుకి ఎదురుగా కూర్చుని, మందపాటి కాగితం మీద మేకుతో చుక్కలు పొడుస్తోంది. దగ్గర్లోని ఒక చిన్న బడిలో చూపులేని పిల్లలు పద్నాలుగు మందికి అన్ని పాఠాలూ తనే చెబుతోందట. బడి పుస్తకంలో మాత్రం తన పేరు ఆయాల వరసలో ఉందట. ట్రైనింగు లేనివాళ్ళని టీచరు అని రాయకూడదన్నారట.

నేను లెక్క చెప్పాను. 500, 600, 51.6. చెప్పడం అయ్యాక ఆమె చేతిలో మేకు ఆగింది.

"అయిదువందలకే అని నాకు ఎరుకే సార్," అంది.

"నీకు తెలుసా?"

"ఆ రోజే చెప్పిన గదా, ప్రాక్టికల్ నాకు లేదు సార్ అని. మీరేమన్నరు? రాయని పరీక్షకు మార్కులు ఎవరిస్తరమ్మా అన్నరు. గాడ కూసున్నోళ్ళంతా నవ్విన్రు. నాకు లెక్కలు రావేమో, సార్‌కు తెల్వదా అనుకున్న."

ముద్ర కనపడలేదని అనుకుంటూ వచ్చాను. ముద్ర అక్కర్లేదు. మనిషి ఎదురుగా నిలబడి నోటితో చెప్పింది.

"రెండేండ్ల సంది నా బిడ్డ ఆయమ్మ పని చేస్తున్నది సారూ," అంది యాదమ్మ నెమ్మదిగా. "తొట్లు కడుగుతది, మళ్ళ వచ్చి పాఠం చెప్తది. మీ లెక్క మంచిగనే ఉన్నది."

అనసూయే అడిగింది. "గీసారి తేదీ అయిపోయిందా?"

"ఇంకా అయిదు రోజులు ఉంది."

"మరి కూసున్నరేంది, లేవుండ్రి. నేను చీర మార్చుకొని వస్త."

ముగ్గురం యూనివర్సిటీకి వెళ్ళాం. కౌంటరులో గుమస్తా, నా కంటే చిన్నవాడు, మెమో అందుకుని ముందుగా వెనక్కి తిప్పాడు. ముద్ర చూశాడు, పెన్సిలుతో రెండు గీతలు గీశాడు. "యాభై ఒకటి పాయింటు ఆరు. ఫారం ఇచ్చెయ్యండమ్మా," అన్నాడు. అంతా కలిపి ఒక నిమిషం పట్టలేదు.

నేను చేసిన తప్పు కంటే ఆ నిమిషమే నన్ను ఎక్కువ కుదిపింది. 1966లో నా దుకాణం ముందు ఆగకుండా ఆమె నేరుగా ఆ కౌంటరుకి నడిచి వెళ్ళి ఉంటే, రెండేళ్ళ కిందటే ఆ మాట వినేది. దుకాణానికీ కౌంటరుకీ మధ్య పది నిమిషాల నడక.

తర్వాత వారం నా రిజిస్టర్లన్నీ వరసగా చూశాను. అలాంటి గీత ఇంకో రెండు చోట్ల దొరికింది. ఒకతను ఎలాగూ సీటు తెచ్చుకున్నాడు. రెండో మనిషిది మెట్టుగూడ రైల్వే క్వార్టర్సు. పోలియో వల్ల కాళ్ళు సరిగా లేని అమ్మాయి, 'అర్హత లేదు' అని నా అక్షరాల్లోనే ఉంది. వెళితే ఆ ఇంట్లో వేరేవాళ్ళు ఉన్నారు. తండ్రికి బదిలీ అయిందన్నారు, ఎక్కడికో వాళ్ళకి తెలియదు. రైల్వే ఆఫీసు ద్వారా రాసిన ఉత్తరం తిరిగి వచ్చింది. అది అక్కడితో ఆగిపోయింది.

అనసూయకి సీటు వచ్చింది. మరుసటి ఏడు తెలంగాణ ఉద్యమం వల్ల పరీక్షలు ఆలస్యమయ్యాయి. 1969 చివర్లో బి.ఇడి. మెమోతో, డిప్లొమా ఫారంతో దుకాణానికి వచ్చింది. మెమో కోసం నేను చెయ్యి చాపాను. ఆమె ఇవ్వలేదు.

"లెక్క నేను చేసుకొచ్చిన సార్. మీరు టైపు కొట్టుండ్రి, చాలు," అని అంకె చెప్పింది.

కొట్టాను.

అప్పటి నుంచి మెమో చూడక ముందు మనిషిని అడుగుతున్నాను, ఏ పరీక్షలు రాశారు, ఏది రాయలేదు, ఎందుకు రాయలేదు అని. వాళ్ళు చెప్పేది అయ్యేదాకా పెన్ను ముట్టుకోను. ఇంకొకటి కూడా మానేశాను. కనీసం కంటే తక్కువ తేలినా 'రాదు' అనను. "నా లెక్కకి ఇంత వచ్చింది, కౌంటరు ఆ కనిపించే మేడలో ఉంది, వెళ్ళి అడగండి," అంటాను. కొందరు విసుక్కుంటారు, ఆ మాత్రం దానికి మీ దగ్గరికి రావడం ఎందుకని. నిజమే. లేదని చెప్పే అధికారం నాకు యూనివర్సిటీ ఇవ్వలేదు. జనం నన్ను నమ్మారు గనక అది నాకు ఉందనుకున్నాను.