పీతగాడి మేనకోడలు

అసిరమ్మ పుట్టింది రంగూన్‌లో. పెరిగింది, పెళ్ళాడింది, రేవులో మూటలు మోసే మొగుణ్ణి మట్టిలో కలుపుకుంది, అన్నీ అక్కడే. పిల్లల్లేరు. బియ్యం మిల్లులో చేట పట్టుకుని చెరిగే పనిలో ఇరవై ఏళ్ళు గడిపింది. ఆ దేశంలో రోజులు మారి, కాగితాలు లేనివాళ్ళంతా వెళ్ళిపోవాలన్నప్పుడు ఆమె పేరు కూడా జాబితాలో పడింది. "మీ ఊరు వెళ్ళిపో" అన్నారు.

ఏ ఊరు? ఆమెకు తెలిసిన ఊరు ఒక్కటే. అది కూడా కళ్ళతో చూసింది కాదు, వాళ్ళమ్మ మరిడమ్మ నోట విన్నది. మొగలివలస. వంశధార ఒడ్డున, సముద్రానికి కోసెడు దూరం. మరిడమ్మ పదిహేడేళ్ళ వయసులో మొగుడి వెంట ఓడెక్కి రంగూన్ వెళ్ళింది. మళ్ళీ తిరిగి రాలేదు. కానీ రోజూ ఏదో ఒక వేళ ఆ ఊళ్ళోకి వెళ్ళి వస్తూనే ఉండేది, మాటల్లో. ఆ ఊరి అమ్మవారి పేరే కూతురికి పెట్టుకుంది.

1967 వైశాఖంలో అసిరమ్మ విశాఖపట్నం రేవులో దిగింది. క్యాంపులో పది రోజులుంది. ఒక ట్రంకు పెట్టె, ఒక చాప చుట్ట పట్టుకుని రైలెక్కి, మిట్టమధ్యాహ్నం ఆమదాలవలసలో దిగింది.

దిగి ప్లాట్‌ఫారం మీద ఉన్నచోటనే నిలబడిపోయింది.

కారణం ఇదీ. రంగూన్‌లో వాళ్ళుండే వీధిలో అందరూ తెలుగువాళ్ళే అయినా ఎక్కువమంది గోదావరి వైపువాళ్ళు. మరిడమ్మ 'ఏటి' అన్నా, 'సూడు' అన్నా పక్కవాటాల వాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవారు. అసిరమ్మ చిన్నతనంలోనే సిగ్గుపడి తన మాట మార్చుకుంది. తల్లి మార్చుకోలేదు. తల్లి పోయి ఆరేళ్ళయింది. ఆ ఆరేళ్ళలో ఆ మాట మళ్ళీ ఆమె చెవిన పడలేదు.

ఇప్పుడు స్టేషనంతా అదే మాట. కూలీ కేకేస్తున్నాడు, అదే మాట. బిడ్డని తిడుతున్న తల్లి, అదే మాట. గంప ముందు పెట్టుకుని ముంజెలు కోస్తున్న ముసలమ్మ తలెత్తి, "ఏటి అప్పా, అలగ నిలబడిపోనావు? ఎక్కడికెల్తావు? సిక్కోలు బస్సు ఎలిపోతాది, సూడు!" అంది.

అసిరమ్మ పెట్టె మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. ముసలమ్మ కంగారుపడింది. "ఏటైనాది? ఎవులైనా పోనారా?" అని అడిగింది. అసిరమ్మ తల అడ్డంగా ఊపింది. ముసలమ్మ మరేమీ అడక్కుండా తాటాకు దొన్నెలో నాలుగు ముంజెలు వేసి చేతిలో పెట్టింది. "తిను తల్లీ. ఎండ కదా, కడుపు సల్లబడతాది. బస్సు మరొకటి వస్తాదిలే."

ఆ జిల్లాలో ఆమె తిన్న మొదటి తిండి అది.

శ్రీకాకుళంలో బస్సు మారి, కళింగపట్నానికి ఇంకా ముందే రేవు దగ్గర దిగింది. ఏరు దాటితే మొగలివలస అన్నారు. తీరా చూస్తే ఏరు లేదు. అటునుంచి ఇటుదాకా ఇసుక. మధ్యలో ఎక్కడో మోకాలి లోతు నీటిపాయ. 'అవతలి ఒడ్డు కనపడదే! పడవ తప్ప దారుండదే!' అని అమ్మ చెప్పిన వంశధార ఇదేనా? ఇసుక అరికాళ్ళను కాల్చింది. అమ్మ చెప్పినదాంట్లో ఎంత నిజమో, ఎంత బెంగ పెట్టి పెంచిన మాటో అని మొదటిసారి అసిరమ్మకు గుబులు పుట్టింది. మేనమామ సూరయ్య ఉన్నాడో లేడో. ఉన్నా, నువ్వెవరంటే ఏమని చెప్పాలి?

సూరయ్య ఉన్నాడు. అరవై ఏళ్ళు దాటిన మనిషి, చూపు మందగించింది. పెంకుటింటి అరుగు మీద కూర్చుని కొబ్బరిపీచు తాడు పేనుతున్నాడు. పక్కనే కోడలు తాయారు చేటలో ఉలవలు ఏరుతోంది. కొడుకు ఎల్లాజీ పొలంలో ఉన్నాడు.

అసిరమ్మ పెట్టె దించి, "మావా!" అంది. చిన్నప్పుడు వదిలేసిన మాట దానంతట అదే నోటికి వచ్చింది. రంగూన్ కూడా అమ్మ అన్నట్టే 'రంగం' అయింది. "నాను మరిడమ్మ కూతుర్ని. రంగం నుంచి వస్తన్నాను."

సూరయ్య చేతిలో తాడు ఆగింది.

"మాయక్క యుద్ధంలో సచ్చిపోనాది" అన్నాడు. "అక్కడినుంచి అడవులమ్మట నడిసొచ్చినోలు సెప్పినారు, తోవలోనే పడిపోనాదని. నానే ఏట్లో దిగి నువ్వులూ నీల్లూ ఒదిలీసినాను. పాతికేళ్ళైనాది. నువ్వెవులివి?"

"నడిసి బయలెల్లినాం మావా. అమ్మకి జొరమొచ్చి తోవలోంచి ఎనక్కి తిరిగిపోనాం. అమ్మ బతికినాది. ఆరేళ్ళ కిందట పోనాది. రెండుసార్లు ఉత్తరం రాయించినాది, రెండూ తిరిగొచ్చీసినాయి."

తాయారు ఉలవలు వదిలేసి లేచి నిలబడింది. ఎక్కడినుంచో ఒక మనిషి వచ్చి మేనకోడల్నంటే నమ్మేదెలా? ముసలాయనకి చూపు ఆనదు. రేపు ఇంట్లో వాటా, పొలంలో వాటా అంటే? ఆ అనుమానం ఆమె ముఖం మీద కనబడుతూనే ఉంది. అసిరమ్మకు కోపం రాలేదు. తనైనా అలాగే అనుకునేది.

సూరయ్య మెల్లగా అడిగాడు. "మాయక్క నన్నేటని పిలిసీది?"

అసిరమ్మ తాయారు వంక చూసి తటపటాయించింది. అంత పెద్దమనిషిని కోడలి ముందు ఆ పేరుతో పిలవడం ఎలా?

"సెప్పు."

"పీతగాడు" అంది. "ఏటి మొగకాడ పీత కరిసి, ఏలికి ఏలాడుతున్న పీతతోటే ఏడుసుకుంటూ ఇంటికొచ్చీసినావంట. అమ్మే ఊడదీసినాదంట."

సూరయ్య కుడిచేతి చూపుడువేలు ఎత్తి దగ్గరగా పట్టుకుని చూసుకున్నాడు. ఆ తర్వాత చిన్నపిల్లాడిలా గొల్లుమన్నాడు. ఆ పేరు ఎరిగినవాళ్ళు ఊళ్ళో ఒక్కరూ మిగల్లేదు. తాయారు పెళ్ళై వచ్చి పదిహేనేళ్ళయినా ఆమె ఎన్నడూ వినలేదు.

"ఏటే గుంటా! అంటే మాయక్క నాను నీల్లొదిలీసిన తరవాత పందొమ్మిదేళ్ళు బతికినాదా?" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "పందొమ్మిదేళ్ళు! రా, కూకో. మొదట్నించి సెప్పు నాకు. ఏటి తిన్నాది, ఎక్కడున్నాది, ఎవులతో దెబ్బలాడినాది, అన్నీ సెప్పు."

ఆ రోజు మొదలైంది. పొలం పనుల్లేని మధ్యాహ్నాల్లో, పొద్దు వాలే వేళల్లో, అరుగు మీద అసిరమ్మ చెప్పడం, సూరయ్య తాడు పేనుతూ వినడం. ఒక్కో ఏడూ తొందర లేకుండా సాగేది. ఆమె తల్లి ముసలితనం చెబితే, ఆయన అక్క చిన్నతనం చెప్పేవాడు. మరిడమ్మ ఎక్కి పడ్డ జీడిమామిడి చెట్టు చూపించాడు. మొగలిపొదల్లో పువ్వు కోసి పాము చూసి పరుగెత్తిన తోవ చూపించాడు. అసిరమ్మ పొద్దున్న రాగిపిండితో కాచిన చోడి అంబలి తాగడం నేర్చుకుంది. సజ్జలతో వండిన గంటి అన్నంలో ఎండుమెత్తళ్ళ పులుసు కలుపుకోవడం నేర్చుకుంది. ఇసుకదిబ్బల మీద సరుగుడు తోట గాలికి చేసే చప్పుడుకి నిద్రపట్టడం నేర్చుకుంది.

తాయారు మాత్రం, అక్క వరసన అప్పా అంటూనే, మొదటి వారంలోనే అడిగేసింది. "ఎన్నాళ్ళుంటావు అప్పా?"

"తెలీదు తాయారూ" అంది అసిరమ్మ.

శ్రావణంలో ఏరు వచ్చింది. పొద్దున్నే సూరయ్య ఆమెను లేపి గట్టుకి తీసుకెళ్ళాడు. ఎర్రటి నీళ్ళు, మధ్యలో కొట్టుకొస్తున్న చెట్లు, వాన మసక. ఎంత కళ్ళు చికిలించినా అవతలి ఒడ్డు కనిపించలేదు. అసిరమ్మ గట్టు మీద నిలబడి రెండు చేతులూ జోడించింది. నీళ్ళకో, అమ్మకో ఆమెకే తెలీదు. అమ్మ అబద్ధం చెప్పలేదు. వైశాఖంలో తాను తొందరపడి తప్పు పట్టింది, అంతే.

ఆ వారమే ఊడుపులు. ఇరవై ఏళ్ళు బియ్యం చెరిగిన మనిషి వరినారు పట్టుకోవడం అదే మొదలు. బురదలో దిగితే కాళ్ళు పైకి రాలేదు. ఆమె నాటిన నారు వెనకనే తేలిపోయింది. పక్క వరసల ఆడవాళ్ళు పడీ పడీ నవ్వారు. "రంగం దొరసానీ, అది పూలకుండీ కాదే!" అంది ఒకామె. అసిరమ్మ కూడా నవ్వింది. పొద్దు వాలేదాకా నాటి, నడుం పట్టుకుని ఇంటికి చేరింది.

మర్నాడు పొద్దున్న వెళ్ళి చూస్తే ఆమె నాటిన మడిచెక్కలో నారంతా నిటారుగా నిలబడి ఉంది. వరసలు తీరుగా ఉన్నాయి. అంత తీరుగా తాను నాటలేదని ఆమెకు తెలుసు. తాయారు వంక చూసింది. తాయారు అటు తిరిగి నారుకట్ట విప్పుతూ, "ఏటి సూస్తన్నావు? బొటనేలుతో అదమాల. సూడు, ఇలగ" అంది. అసిరమ్మ పక్కనే దిగి అలాగే అదిమింది.

కార్తీకంలో పోస్టుమాన్ సర్కారు ఉత్తరం తెచ్చాడు. అరుగు మీద కూర్చుని చదివి వినిపించాడు. బర్మా నుంచి వచ్చినవాళ్ళకి పని చూపించే ఆఫీసు నుంచి వచ్చింది. దక్షిణాది జిల్లాలో నూలు మిల్లులో ఉద్యోగం, నెల జీతం, ఉండడానికి గది. పది రోజుల్లో వచ్చి చేరాలి.

సూరయ్యే ముందు తేరుకున్నాడు.

"ఎల్లు గుంటా" అన్నాడు. "సర్కారు కొలువు. రెక్కలాడినన్నాళ్ళూ కూడుకి లోటుండదు. నా దగ్గరేటున్నాది?" అని ఆగి, గొంతు తగ్గించి, "ఆ పందొమ్మిదిలో ఇంకా ఏడేళ్ళు మిగిలున్నాయి కదే సెప్పడానికి" అన్నాడు.

అసిరమ్మ ఉత్తరం తీసుకుని మడత పెట్టింది. వెళ్ళడమే న్యాయం అనిపించింది. ఈ ఇంట్లో ఆమె ఆరు నెలలుగా తింటోంది. ఒక్క మాట ఎవరూ అనలేదు గానీ, అనలేదు కదా అని ఎన్నాళ్ళుంటుంది?

"ఎల్తాను మావా" అంది.

లోపల్నించి తాయారు బయటకు వచ్చింది. చేతులకి పిండి. ముఖం ఎర్రగా ఉంది.

"ఎల్లు! ఎల్లిపో!" అంది. "వచ్చే వారం కోతలు. అప్ప మడి ఎవులు కోస్తారు?"

"ఏ మడి?"

"ఏ మడేటి! నువ్వు నాటిన మడి. ఊరంతా అప్ప మడి, అప్ప మడి అంటన్నారు, నీకినబళ్ళేదా? మడుండగా మిల్లుకెల్తాదంట!" అని, పిండిచేత్తోనే కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

పోస్టుమాన్ జేబులోంచి కలం తీశాడు. "జవాబేటి రాయమంటావు తల్లీ?"

అసిరమ్మ మడతపెట్టిన ఉత్తరం ఆయన చేతికి తిరిగి ఇచ్చింది. "నాకు ఊరు దొరికినాదని రాయండి బాబూ" అంది.

కోతలయ్యాయి. అప్ప మడి పంట పెద్ద గొప్పదేం కాదు. కొత్త చేతికి ఎంత పండాలో అంతే పండింది. కొత్తబియ్యం అన్నం వండిన రోజు తాయారు మొదటి ముద్ద ఆమెకే పెట్టింది. సూరయ్య పెరట్లో దక్షిణం మూల కొంత జాగా చూపించి, అక్కడ నీకో పాక వేస్తానన్నాడు. "ఏరే పొయ్యెందుకు?" అని తాయారు కసిరింది. పాక వేశారు గాని, పొయ్యి మాత్రం వేరే పెట్టలేదు.

మాఘపౌర్ణమికి ఊళ్ళు ఊళ్ళు సముద్రస్నానానికి కదిలాయి. బళ్ళ మీద, పడవల మీద, నడిచీ జనం. సూరయ్య కర్ర పట్టుకుని తానూ వస్తానన్నాడు. ఆయన, అసిరమ్మ, తాయారు, ఎల్లాజీ తెల్లారేసరికి మొగ దగ్గరికి చేరారు. ఏటి నీరు ఆకుపచ్చగా వచ్చి నీలంలో కలుస్తోంది. దూరంగా కళింగపట్నం దీపస్తంభం తెల్లగా కనబడుతోంది. ఈ నీళ్ళు అటు చివర రంగూన్ గట్టుని తాకుతాయని అసిరమ్మకు తెలుసు. అక్కడ నిలబడి తల్లి ఇటు చూసేది. ఆ అక్కాతమ్ముళ్ళ మధ్య ఉన్నది ఈ ఒక్క నీరే.

ఒడ్డున కూర్చున్నాక సూరయ్య అడిగాడు. "ఆకరి ఏడు మిగిలిపోనాది కదా. సెప్పు."

అసిరమ్మ నెలరోజులుగా దాటేస్తూ వచ్చినది అదే. చెప్పింది. తల్లి మంచం పట్టిన సంగతి, మాట తగ్గిపోయిన సంగతి. "ఆకరి రోజు పొద్దున్న చోడి అంబలి కావాలన్నాది మావా. రంగంలో చోడిపిండి ఎక్కడ తెచ్చేది? బియ్యప్పిండితో కాసి, బెల్లంముక్క కరిగించి ఎర్రగా సేసి ఇచ్చినాను. తాగి, 'బాగున్నాదే, మనూరి అంబలే' అన్నాది. అంతే."

సూరయ్య నవ్వాడు, కన్నీళ్ళు కారుతుండగానే. "అంబలి కాడ మాయక్క అబద్దమాడీది కాదు. పలసనైతే గిన్నె ఇసిరీసీది. నీ కోసం ఆడినాది గుంటా." కళ్ళు తుడుచుకుని, "ఆ రోజు ఏ తిథి?" అన్నాడు.

"సైత్ర సుద్ద ఏకాదసి."

ఆయన దాన్ని రెండుసార్లు పైకి అనుకున్నాడు. ఇరవై అయిదేళ్ళుగా తప్పు రోజున నీళ్ళు వదిలిన మనిషి. ఎల్లాజీ భుజం పట్టుకుని నడుంలోతు దిగి, దోసిలి నిండా ఉప్పునీళ్ళు ఎత్తి వదిలాడు. అసిరమ్మ పక్కన నిలబడి తానూ వదిలింది. అల వచ్చి ఇద్దర్నీ తూలగొడితే వెనకనుంచి తాయారు గట్టిగా పట్టుకుంది.

ఎండెక్కేసరికి తిరుగుదారి పట్టారు. జీడితోటల్లో పూత విరగబూసి గాలంతా ఘాటుగా ఉంది. అప్పుడే సముద్రం మీంచి వచ్చిన తెప్పల దగ్గర బేరాలాడి తాయారు చేపలు కొంది. అసిరమ్మ తడికొంగు పిండుకుని, సూరయ్య చేయి తన భుజం మీద వేసుకుని, ఇసుకలో మెల్లగా ముందు నడిచింది. ఎదురొచ్చినవాళ్ళు ఎటెళ్ళొస్తన్నారని అడుగుతున్నారు. ఆమె ప్రతివాళ్ళకీ ఆగి, అమ్మ మాటలోనే చెబుతోంది.