ఆయన అడగబోయిన రెండో ప్రశ్న

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి చీర కూడా మార్చుకోకముందే ఫోను మోగింది. అవతల మా తోడికోడలి తమ్ముడు. పోలీసు శాఖలో ఇన్‌స్పెక్టరు. ఉద్యోగంలో ఉన్న పోలీసులను పిలిపించి కొన్ని వారాలపాటు కొత్త పాఠాలు చెప్పి పంపే శిక్షణ కేంద్రం ఒకటి నెల్లూరులో ఉంది, దాన్ని అతనే చూసుకుంటాడు. "అక్కా, వచ్చే వారం కొత్త బ్యాచ్ వస్తా ఉంది. ఈసారన్నా బాధితురాలిగా మీరు రావాలక్కా. మీ అంత బాగా ఎవరూ చేయడం లేదు" అన్నాడు. యాభై దాటిన ఆడమనిషికి దక్కే మెచ్చుకోళ్లు ఇలాగే ఉంటాయి కాబోలు. ఒకప్పుడైతే కాస్త బెట్టు చేసి ఒప్పుకునేదాన్ని. పోయిన ఏడాది మోకాళ్ల నొప్పులని తప్పించుకున్నాను. ఈసారి ఏ అబద్ధమూ నోటికి రాలేదు. రేపు చెబుతానని పెట్టేశాను.

నేను మహిళా కళాశాలలో అర్థశాస్త్రం చెబుతాను. వక్తృత్వ పోటీలకు పిల్లల్ని తయారుచేసేదీ నేనే. నాతో వాదించడం మా ఆయన పెళ్లయిన రెండో ఏడే మానుకున్నాడు. మా వీధి కూరగాయలబండి అతను నన్ను చూడగానే ధర తగ్గించి చెప్పేస్తాడు, ఎందుకొచ్చిన గొడవని. ఈ నోటిని చూసే మా తోడికోడలి తమ్ముడు మూడేళ్ల కిందట నన్ను పిలిచాడు. స్టేషనుకు వచ్చిన ఆడవాళ్లతో ఎలా మాట్లాడాలి, ఫిర్యాదు ఎలా తీసుకోవాలి అన్నది పోలీసులకు ఒక పాఠం. పాఠం చివర పరీక్ష. ఆ పరీక్షలో భర్త చేతిలో దెబ్బలు తిన్న పల్లెటూరి మనిషిగా నేను వచ్చి కూర్చోవాలి. ఒక్కో పోలీసుకు పది నిమిషాలు. కూర్చోమన్నాడా, మంచినీళ్లిచ్చాడా, మాటకు అడ్డం రాకుండా విన్నాడా, ఎక్కడ జరిగిందో, ఎప్పుడు జరిగిందో రాబట్టాడా అని ఒక కాగితం మీద గడులుంటాయి. అవన్నీ నింపేది నేనే. శిక్షణ ఇచ్చినవాళ్లు మార్కులు వేస్తే మొహమాటాలుంటాయని బయటివాళ్ల మార్కులే లెక్కలోకి తీసుకునేవారు.

నేను ఏ పని చేసినా సగంలో ఆగను. మా ఇంట్లో పనిచేసే ఆమెను అడిగి ఒక పాత చీర కట్టుకెళ్లాను. చీర ఇస్తూ ఆమె ఎందుకమ్మా అని అడిగింది. నాటకానికి అన్నాను. ఇంకేమీ అడగలేదు. ఆమె భర్త ఎలాంటివాడో నాకు తెలుసు. ఆ సంగతి ఆ క్షణంలో నాకు గుర్తు రాకపోవడం ఇప్పుడు తలుచుకుంటే ముఖం దాచుకోవాలనిపిస్తుంది. కానీ ఇవాళ నేను చెప్పదలచుకున్న సిగ్గు అది కాదు, దానికన్నా పెద్దది.

ఆ బ్యాచ్‌లో ఒక హెడ్ కానిస్టేబుల్ ఉన్నాడు. చేతి మీద మూడు పట్టీలు, చెవుల పక్క నెరిసిన వెంట్రుకలు, న్యూస్ పేపరు అట్ట వేసిన పొడుగు నోటుపుస్తకం. లోపలికి వెళ్లే ముందు మా తోడికోడలి తమ్ముడు నా చెవిలో చెప్పాడు. "ఆయనకి ఇదే ఆఖరి అవకాశం అక్కా. ఇంకో మూడేళ్లలో రిటైర్మెంటు. ఇది పాసైతే ఏఎస్ఐగా దిగిపోతాడు, భుజం మీద ఒక నక్షత్రం ఉంటుంది. లేకపోతే మూడు పట్టీలతోనే." అంటే నాకు తెలుసు. తెలియక చేశాను అనడానికి లేదు.

ఆయన వంతు వచ్చింది. ముప్పై మంది పోలీసులు వెనక వరసల్లో కూర్చుని చూస్తున్నారు. ఆయన లేచి నిలబడి కుర్చీ చూపించాడు. ఫ్యాను నావైపు తిప్పాడు. నీళ్ల గ్లాసు చేతికివ్వకుండా బల్ల మీద నాకు అందేలా పెట్టాడు. తర్వాత పెన్ను మూత తీసి, "అన్నం తిన్నావామ్మా?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. స్టేషనుకు పోయిన ఆడదాన్ని అన్నం తిని పడుకో, తెల్లారేసరికి అదే సర్దుకుంటుందని పంపేసిన సంగతులు ఎన్ని వినలేదు నేను. ఇదిగో, వాటికి మొదలు ఇక్కడే అనుకున్నాను. "దెబ్బలు తిని వచ్చినాను సారూ, ఇంక కడుపులో చోటు లేదు. ఫిర్యాదు రాస్తావా, ఇస్తరాకు వేస్తావా?" అన్నాను. వెనక వరసలన్నీ గొల్లుమన్నాయి. ఆయన ఏదో అనబోయాడు. నేను అననిస్తేగా. "కూరేందో కూడా చెప్పమంటావా?" అన్నాను. ఈసారి నవ్వు ఇంకా పెద్దగా వచ్చింది. నవ్వు వస్తుంటే నాకు హుషారు. మిగతా నిమిషాలన్నీ మగవాళ్ల మీద, స్టేషన్ల మీద, ఈ దేశం మీద నేనే మాట్లాడాను. ఆయన పెన్ను పట్టుకుని వింటూ కూర్చున్నాడు. గంట కొట్టారు. సంఘటన ఎప్పుడు జరిగిందో రాబట్టాడా అన్న గడిలో సున్నా వేశాను. కింద "అనవసరపు ప్రశ్నలు" అని రాసి గీత కూడా గీశాను. తర్వాత భోజనానికి లేచాం. అధికారుల బల్ల దగ్గర కిటికీ పక్కన నాకు కుర్చీ వేశారు. మా తోడికోడలి తమ్ముడు వడ్డించమని ఒకటే కేకలు. కిటికీలోంచి సైకిల్ షెడ్డు కనిపిస్తోంది. ఆయన అక్కడ నోటుపుస్తకం ఒళ్లో పెట్టుకుని ఒక్కడే కూర్చున్నాడు.

ఆ మరుసటి ఏడాది సంగతి. చిట్టమూరు దగ్గరి పల్లెలో మా పిన్ని ఉంటుంది. బాబాయి అక్కడి మిషను బడిలో హెడ్మాస్టరుగా చేసి పోయారు. కొన్నేళ్లుగా పిన్నికి మతిమరుపు. చూసుకునే ఆమె కూతురు, మా చెల్లెలు, స్కానింగు కోసం నెల్లూరు వెళ్తూ నన్ను ఒక్కరోజు ఉండమంది. ఒక్కరోజే. నేను వరండాలో ఫోను పట్టుకుని మా ప్రిన్సిపాలుతో టైంటేబులు గురించి వాదిస్తున్నాను. వాదన గెలిచాను. లోపలికి వచ్చి చూస్తే పిన్ని లేదు. వీధులు తిరిగాం, కాలువ గట్లు చూశాం. మధ్యాహ్నం మూడు దాటాక స్టేషనుకు పరిగెత్తాను. బల్ల వెనక ఆయనే. మూడు పట్టీలు అలాగే ఉన్నాయి.

గుర్తుపట్టాడో లేదో ముఖం చెప్పలేదు. లేచి కుర్చీ చూపించాడు, ఫ్యాను తిప్పాడు. ఎన్ని గంటలకు వెళ్లిందో నాకు తెలియదని, పదకొండో పన్నెండో అని, నేను ఏదేదో చెబుతున్నాను. ఆయన పెన్ను మూత తీశాడు.

"అన్నం తిన్నారామ్మా?"

లేదన్నట్టు తలూపాను.

"ఆమె తిన్నదా?"

"పెడితే తినలేదు. సారు రానీ అనింది. మా బాబాయి... పోయి తొమ్మిదేళ్లయింది."

"పెట్టిన అన్నం ఏం చేసినారు?"

"మూత పెట్టి వంటింటి గట్టు మీద ఉంచినాను."

"ఇప్పుడుండాదా?"

నేను చూడలేదు. ఇల్లంతా మనిషి కోసం వెతికాను గానీ అన్నం కోసం ఎవరు వెతుకుతారు. పక్కింటావిడకు ఫోను చేసి చూడమన్నాను. కంచం ఖాళీ. గోడ మేకుకు ఎప్పుడూ వేలాడే బాబాయి క్యారియరు లేదు. ఆయన అప్పటికే టోపీ పెట్టుకుంటున్నాడు. "సారుకి క్యారియరు తీసకపోయినారు. ఏ బడి మేడం?" అన్నాడు.

మూతపడిన మిషను బడి వరండాలో, క్యారియరు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది పిన్ని. చెప్పుల్లేని కాళ్లు బొబ్బలెక్కాయి. ఎండకు పెదవులు ఎండిపోయాయి. ఆయన జీపులోంచి నీళ్లు తెచ్చి ముందు తాగించి, "సారు మీటింగుకి పోయినారమ్మా, మనల్ని ఇంటికి పొమ్మన్నారు" అన్నాడు. మారుమాట లేకుండా లేచి ఆయన వెంట నడిచింది.

స్టేషనుకు తిరిగొచ్చాక కాగితం మీద సంతకం పెడుతుంటే అడిగాను, ఆ ప్రశ్న ఎందుకని. "పల్లెల్లో ఆడోళ్లు గడియారం చూసుకోని దెబ్బలు తినరు గదా మేడం" అన్నాడు. "ఎన్ని గంటలకు అంటే బెదిరిపోతారు. అన్నానికి ముందా, తర్వాతా అంటే చెప్తారు. గంటలు మరిచిపోతారు, పూటలు గుర్తుంటాయి. ఆ రోజు మీకు రెండో ప్రశ్న అదే అడగాలనుకున్నా."

అంటే మొదటినుంచీ గుర్తుపట్టాడు. క్షమించండి అనాల్సిన చోటు అది. పిన్ని పక్కనే ఉంది, గదిలో వేరే ఎవరూ లేరు, మాట కూడా గొంతుదాకా వచ్చింది. కానీ నా నోటికి ఇన్నేళ్ల అలవాటు ఒకటుంది కదా. "అప్పుడే గట్టిగా చెప్పి ఉండొచ్చు గదండీ" అన్నాను.

ఆయన నవ్వలేదు, కోపపడలేదు. "ఫిర్యాదుదారు మాట్లాడతా ఉంటే అడ్డం రాకూడదని నేర్పినారు మేడం" అన్నాడు.

ఆ గడి కాగితంలో ఉండింది. అందులో కూడా నేనాయనకు మార్కులు వేయలేదు.

సోమవారం పొద్దున్నే మా తోడికోడలి తమ్ముడికి ఫోను చేశాను. ముందు ఆయన గురించి అడిగాను. పోయిన నెలే రిటైరయ్యాడట, మూడు పట్టీలతోనే. వస్తాను, కానీ పరీక్షకు ముందు, ఆయన పరీక్ష రోజు ఏం జరిగిందో, నేనేం చేశానో క్లాసులో నిలబడి చెబుతాను అన్నాను. "ఎందుకులే అక్కా, పాత సంగతి. ఎవరికీ గుర్తు కూడా లేదు" అన్నాడు. అతనితో మాత్రం కాసేపు వాదించాను, అలవాటు కొద్దీ. చివరికి సరేనన్నాడు.

పూటలు గుర్తుంటాయన్నది నిజమే. ఆ పరీక్ష ఏ తేదీన జరిగిందో అడిగితే చెప్పలేను. ఆ మధ్యాహ్నం నా విస్తట్లో ఏముందో మాత్రం చెప్పగలను. మామిడికాయ వేసిన చేపల పులుసు, ముద్దపప్పు, అప్పడం, చివర్లో గడ్డపెరుగు. అన్నీ రెండోసారి వేయించుకున్నాను. కిటికీ అవతల కూర్చున్న మనిషిని, అన్నం తిన్నారా అని ఒక్కమాట అడగాలని నాకు తోచలేదు. మూడేళ్లు గడిచిపోయాయి గానీ, ఆ పూట నాకింకా గడవలేదు.