మేత ఆపాను, నీళ్ళు చూడడం కూడా ఆపాను

గచ్చు మీద రక్తపు అడుగులు ఎవరివని మా ఆవిడ పద్మ అడిగేదాకా అవి నావేనని నాకు తెలియదు. పొద్దున్నే చెరువు గట్టు మీదనుంచి వచ్చి, కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతున్నాను. గుమ్మం నుంచి కుర్చీ దాకా ఎర్రటి మరకలు. కుడికాలు ఎత్తి చూస్తే బొటనవేలి కింద నత్తగుల్ల ముక్క సగం దిగి ఉంది. నొప్పి లేదు. నొప్పి లేనందుకు భయపడాల్సింది పోయి సంతోషించాను. "చూశావా, ఒళ్ళు ఎలా గట్టిపడిందో" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మాది ఏలూరుకి కిందుగా, కొల్లేరు పక్కనున్న ఊరు. చేపల చెరువులే నా జీవనం. నాకు షుగర్ వచ్చి తొమ్మిదేళ్ళు. మొదట ఒక మాత్ర, తర్వాత రెండు, ఆ తర్వాత ఇన్సులిన్. రోజూ పొట్టకి గుచ్చుకోవడమంటే ప్రాణం విసిగిపోయింది. సరిగ్గా ఆ విసుగులో ఉండగా ఫోనులో వీడియోలు పెట్టే ఒకాయన దొరికాడు.

పేరు చెప్పను. తను ఒకప్పుడు పెద్ద ల్యాబులో సైంటిస్టునని, నిజం మాట్లాడినందుకు బయటికి పంపేశారని చెప్పుకునేవాడు. అది నిజమో కాదో నేను కనుక్కోలేదు. అరవడు, చిరునవ్వుతో మాట్లాడతాడు. "ఈ సంగతి మీకు ఎవరూ చెప్పనివ్వరు" అని మొదలుపెడతాడు. మందుల కంపెనీలూ డాక్టర్లూ ఒకటేనంటాడు. చెరువులవాడికి ఈ మాట ఇట్టే ఎక్కుతుందండీ. మా గట్టు మీదకి వారానికో కంపెనీ మనిషి వచ్చి ఏదో పొడి డబ్బా అంటగట్టాలని చూస్తాడు. అమ్మేవాణ్ణి అనుమానించడం నాకు ముప్పై ఏళ్ళ అలవాటు. ఏమీ అమ్మనట్టు కనపడేవాణ్ణి అనుమానించడం మాత్రం ఎవరూ నేర్పలేదు.

ఆయన చెప్పేదల్లా ఒకటే. మందులు ఆపండి, ఉపవాసాలు చేయండి, ఒళ్ళు దానంతటదే బాగుపడుతుంది. నన్ను పట్టేసింది ఈ మాటే. ఎందుకంటే మేం చేసేదీ అదే. నీళ్ళు పాడై చేప నలతగా ఉంటే ముందు మేత ఆపేస్తాం. తవుడూ నూనెచెక్కా నింపి కర్రలకి కట్టే సంచులు తీసేసి రెండు రోజులు ఊరుకుంటే చాలాసార్లు చెరువు తేరుకుంటుంది. ఇదేదో మన పద్ధతేనని మురిసిపోయాను. మాత్రలు మానేశాను, ఇన్సులిన్ మానేశాను. ఆ అంకెలు చూసుకోవడం భయాన్ని పెంచే జబ్బని ఆయన అంటే, షుగర్ చూసుకునే మిషను బీరువాలో పెట్టేశాను.

మొదటి నెలలోనే సన్నబడ్డాను. అందరూ మెచ్చుకుంటుంటే ఆనందం పట్టలేక ఆ వీడియో ఉంగుటూరులో ఉన్న మా బావకి పంపాను. ఆయన మా అక్క భర్త, వరి రైతు, ఆయనకీ షుగరే. "నేను చేస్తున్నాను, మీరూ చెయ్యండి బావా" అని కింద రాశాను.

గుల్ల గుచ్చుకునేసరికి నేను మందులు మాని నాలుగు నెలలు. ఊళ్ళోనే కట్టు కట్టించుకుని మళ్ళీ చెరువు పని చూసుకున్నాను. ఆరో రోజుకి వేలు నల్లబడింది. చలిజ్వరం, గదంతా వాసన. పద్మ నాతో వాదించడం మానేసి ఆటో పిలిచింది.

ఏలూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్నావిడే. సన్నటి తీగలాంటిది పాదానికి ఆనించి "తెలుస్తోందాండీ?" అని పది చోట్ల అడిగారు. మూడు చోట్ల తెలిసింది.

"దీన్ని న్యూరోపతి అంటారండీ. కాలికి దెబ్బ తగిలినా మీకు కబురు రావట్లేదు. దానికి తోడు ఇన్ఫెక్షన్. మందులు వాడుతున్నారా?"

"ఆయ్, వాడుతున్నానండీ" అన్నాను.

"లేదండీ" అంది పద్మ. "నాలుగు నెలలై మానేశారండీ. ఫోనులో ఎవరో చెప్పారని."

డాక్టరమ్మ తిట్టలేదు. నేనేం పని చేస్తానని అడిగారు. చెప్పాను. నన్ను నేను వెనకేసుకు రావడానికి మేత ఆపే సంగతి కూడా చెప్పాను.

"మేత ఆపినప్పుడు నీళ్ళు చూడ్డం కూడా ఆపేస్తారాండీ?" అన్నారావిడ.

ఆపం. మేత ఆపిన రోజుల్లోనే పూటపూటా చూస్తాం. నేను గోడ వంక తిరిగి పడుకున్నాను.

డిబ్రైడ్‌మెంట్ చేశారు. చచ్చిన కండంతా గీకి తీసేయడం. పది రోజులకి ఇంటికి పంపారు. గండం గడిచిందనుకున్నాం. మూడు వారాలకి మళ్ళీ వాపు, మళ్ళీ చీము. ఎక్స్‌రే చూసి డాక్టరమ్మ, "ఎముకలోకి వెళ్ళిందండీ, ఆస్టియోమైలైటిస్. వేలు ఉంచుదామంటే పాదం పోతుంది" అన్నారు. సంతకం పెట్టాను. బొటనవేలు తీసేశారు. నిజం చెప్పాలంటే ఏడ్చాను. పద్మ చూస్తుండగానే ఏడ్చాను.

ఆ మంచం మీద ఉండగానే ఫోనులో ఆయన కొత్త వీడియో వచ్చింది. ఈసారి చేపల చెరువుల మీద. నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్లు కంపెనీల మోసమట. చెరువులో నాచు దట్టంగా ఉంటే చాలు, రాత్రీ పగలూ అదే ప్రాణవాయువు ఇస్తుందట. రాత్రయితే నాచు ప్రాణవాయువు ఇవ్వదు, తనే లాగేసుకుంటుంది. అందుకే తెల్లవారుజామున చేపలు నోళ్ళు తెరుచుకుని పైకి తేలతాయి. ఆయన మాట విన్నవాడి చెరువు తెల్లారేసరికి చచ్చిన చేపలతో తెల్లగా తేలుతుంది. అదే చిరునవ్వు, అదే నెమ్మది, అదే "ఎవరూ చెప్పనివ్వరు". కింద బోలెడుమంది "కళ్ళు తెరిపించారు సార్" అని రాశారు. వీళ్ళెవరూ చెరువు మొహం చూసినవాళ్ళు కాదని నవ్వొచ్చింది. షుగర్ వీడియో కింద సరిగ్గా ఆ మాటే రాసినవాణ్ణి నేనని గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

వెంటనే బావకి ఫోను చేశాను. "నువ్వు సరిగ్గా చేసుండవురా సత్యం. నాకు బానే ఉంది" అన్నారు. తర్వాత అక్క ఫోను తీసుకుంది. "నీ మాట మీద మొదలెట్టారు తమ్ముడూ. ఇప్పుడు నీ మాట కూడా వినట్లేదు" అంది.

కాస్త నడవగలిగాక ఉంగుటూరు వెళ్ళాను. చెప్పులు విప్పి పాదం చూపించాను. లాభం లేకపోయింది. ఇంకోసారి వెళ్ళి డాక్టరు కాగితాలు చూపించాను. "వాళ్ళు అలానే రాస్తారు" అన్నారు. మూడోసారి ఏమీ వాదించలేదు. ఆ వీడియోల మనిషి వరి మీద చేసినది వెతికి పెట్టి ఫోను బావ చేతికిచ్చాను. సుడిదోమ చేనుకి మేలు చేసే పురుగేనని, దాన్ని చూసి కంగారు పడొద్దని అందులో చెబుతున్నాడు.

"వీడెప్పుడైనా చేలో కాలు పెట్టాడా?" అని బావ మండిపడ్డారు. "సుడిదోమని వదిలేస్తే వారంలో చేనంతా సుడులు సుడులుగా మాడి పడిపోతుంది. ఎవడి మాటలివి?"

అంటూనే ఆగిపోయారు. ఫోను కళ్ళకి దగ్గరగా పెట్టుకుని ఆ మొహం వంక మళ్ళీ చూశారు. షుగర్ మందులు మానమన్న మొహమే. అక్కని పిలిచి, "ఆ షుగర్ మిషను ఎక్కడ పెట్టేవు?" అని అడిగి, నా ముందు వేలు చాపారు.

మిషను అంకె చూపించలేదు. "హెచ్, ఐ" అని రెండు అక్షరాలు చూపించింది. కొలతకి మించిపోయిందని అర్థం. వెంటనే తాడేపల్లిగూడెం తీసుకెళ్ళి ఆసుపత్రిలో చేర్చాం. ఎడమ కన్ను మసగ్గా ఉంటే కళ్ళజోడు మార్చాలనుకుంటున్నారట బావ. అది రెటినోపతి, షుగర్ వల్ల కంటి లోపలి పొర దెబ్బతినడం; కుడి కంటికీ మొదలైంది. "ఉన్న చూపు కాపాడదామండీ, పోయింది మాత్రం తేలేం" అన్నారు కంటి డాక్టరు.

ఇప్పుడు ఇన్సులిన్ వేళకి వేసుకుంటున్నాను. బూట్లు లేకుండా గట్టు మీదకి వెళ్ళను. సాయంత్రం పద్మ నా పాదాలు రెండూ తిప్పి చూస్తుంది. ఓపిక మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు.

నేను చెప్పగలిగింది ఒక్కటే. డాక్టరు మాట కొట్టిపారేసే మనిషి ఎవరైనా మీకు నచ్చితే, మాత్ర ఆపే ముందు, మీకు చేయి తిరిగిన పని గురించి ఆ మనిషి ఏం చెప్పాడో వెతికి వినండి. వినేదాకా ఇంకొకరికి పంపకండి. నా వేలు నేను చూసినదానికి పోయింది. బావ చూపు నేను పంపినదానికి పోయింది.

బావ నన్ను ఇంతవరకూ ఒక్క మాట అనలేదు. ఆదివారం బస్సెక్కి ఉంగుటూరు వెళ్తాను. అరుగు మీద కూర్చుని నేను పేపరు చదువుతాను, ఆయన వింటారు.