బస్సులో వినే పాఠం

జులై, మంగళవారం ఉదయం. ముసురు. గ్రంథాలయంలో ఉన్నవాళ్లం: గ్రంథపాలకురాలు, మాత్రల కంపెనీలో ప్యాకింగ్ చేసే ఒక అమ్మాయి, నేను.

అమ్మాయిది కొండాపూర్ వైపు పల్లె. మధ్యాహ్నం షిఫ్టుకు పటాన్‌చెరు పోయి రాత్రికి తిరిగొస్తుంది. సర్కారు కొలువు పరీక్ష రాయడానికి వయసు రీత్యా ఆమెకు ఇదే ఆఖరుసారి. చదువుకునే తీరిక కంపెనీ బస్సులోనే దొరుకుతుంది. ఆమెకు కావలసిన పుస్తకం ఒక్క ప్రతే ఉంది, బయటికి ఇవ్వరు. పేజీలు ఫోన్లో ఫొటో తీసుకుంటే, బస్సు కుదుపుల్లో చదవబోయి కడుపులో తిప్పుతోందట.

"సదవకు, విను," అంది గ్రంథపాలకురాలు. తర్వాత నా వైపు తిరిగింది. "సార్, రోజూ పేపరంత నోట్లనే సదువుకుంటరు గద. జెర గట్టిగ సదువుండ్రి, ఫోన్ల రికార్డు చేస్త."

"నా గొంతా? బస్సాపి దిగిపోతరు బిడ్డా."

"కంపెనీ బస్సు తాతా, నడుమల ఆపరు," అంది అమ్మాయి.

పంచాయతీల పాఠం చదివాను. నా ఉద్యోగమంతా ఫ్యాక్టరీ స్టోర్స్‌లో గడిచింది. సరుకు పేరు పైకి చదివి, అవతలి మనిషి టిక్కు పెట్టేదాకా ఆగి, తర్వాతి పేరు చదవడం అక్కడి పద్ధతి. పాఠమూ అలాగే సాగింది: ఒక వాక్యం, కాస్త మౌనం, మరో వాక్యం. పేజీ నంబర్లు కూడా వదల్లేదు.

గ్రంథపాలకురాలు నవ్వు ఆపుకుంటూ విన్నది. "ఈ ఖాళీలన్ని తీసేసే యాప్ ఉంది సార్, రేపు సాఫ్ చేస్త," అని, అప్పటికి ఉన్నది ఉన్నట్టే అమ్మాయి ఫోనుకు పంపింది.

ఇంటికి వచ్చాక మనసు కుదురుగా లేదు. ఉన్న ఒక్క అవకాశం కోసం తంటాలు పడుతున్న పిల్లకు, దొరికే కాస్త సమయాన్నీ నా మౌనాలతో నింపి పంపానే అనిపించింది.

మర్నాడు పొద్దున గ్రంథాలయం తలుపులు తీసేసరికే అమ్మాయి వరండాలో ఉంది.

"తాతా, బస్సుల ఇయర్‌ఫోన్ ఒకటి నా పక్క సీటామె పెట్టుకుంది. రెండో పేజీకే గుర్రు పెట్టింది."

"ముందుగాల్నే చెప్పిన గద," అన్నాను.

"ఇగో, ఇప్పుడే సాఫ్ చేస్త," అంటూ గ్రంథపాలకురాలు ఫోన్ అందుకుంది.

"వద్దు మేడం. తాత ఆగినప్పుడల్లా నేను మల్లోసారి మనసుల అనుకుంటున్న. ఖాళీ లేకుంటే ఎప్పుడు అనుకోవాలె? ఆ పేజీ నంబర్లొక్కటి తీసెయ్యుండ్రి."

"ఏదీ, అప్పజెప్పు," అన్నాను.

గ్రామసభ నుంచి గడగడా చెప్పుకొచ్చింది. సర్పంచ్ అధికారాల దగ్గర తడబడింది. గ్రంథపాలకురాలు పుస్తకం తెచ్చి మా ఇద్దరి మధ్యా పెట్టింది. ఆ అధికారాలను మళ్లీ చదివాను, ఈసారి ఇంకాస్త నిదానంగా.