బేరానికో బిగింపు

పక్కన కూర్చున్న మనిషికి కూడా తెలియకుండా చేసుకోగలిగిన వ్యాయామం ఒకటుంది. దాన్ని నేను మా అంగడికి వచ్చిన పెళ్ళివాళ్ళందరి ఎదుట, కర్పూర హారతి అందుకుంటూ చేశాను. అంతటి ఘనత ప్రొద్దుటూరులో మరెవరికీ దక్కలేదని ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాను.

నాకు నవ్వంటే ప్రాణం. నేను నవ్వితే మూడో అంగట్లో త్రాసు ఊగుతుందని మా ఆయన అంటూ ఉండేవాడు. రెండో కాన్పు తర్వాత ఆ నవ్వుకు గండం వచ్చింది. నవ్వినా, తుమ్మినా, దగ్గినా, చీరల మూట ఎత్తినా, కింద కాస్త తడి. కాస్త అని మర్యాద కోసం అంటున్నాను. ఎందుకొచ్చిన తంటా అని నవ్వడమే మానేశాను. ఎవరైనా హాస్యమాడబోతే లేచి లోపలికి పోయేదాన్ని. నాకు పొగరు పెరిగిందని బజారంతా అనుకుంది. అనుకుంటే అనుకోనీ, ఇక జన్మలో కడుపారా నవ్వలేనేమో అన్నదే నా దిగులు.

చివరికి ధైర్యం చేసి డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే, ఆమె వ్యాయామాలు నేర్పే అమ్మాయి దగ్గరికి పంపింది. ఆ పిల్ల ఎంతో ఓపికగా చెప్పింది.

"కాన్పులతో కింది కండరాలు వదులవుతాయక్కా. గాలి పోకుండా బిగబట్టుకుంటాం సూడు, అట్ల లోపలికి, పైకి లాక్కొని, కాసేపు పట్టుకొని వదలాల. అలవాటైనాక అంగట్లో కూర్చొని గూడా చేసుకోవచ్చు, ఎవరికీ తెలీదు. రోజూ చేసే పనికి దేనికైనా ముడిపెట్టుకో, మర్చిపోవు."

అంతలో తలుపు సందులోంచి మా వీధి ఆవిడ వరండాలో కనబడింది. నాకు కాలు నిలవలేదు.

"అర్థమైందాక్కా? ఇంగొక ముఖ్యమైన మాట..."

"శానా బాగా అర్థమైందిమ్మా!" అని కొంగు తలమీదికి లాక్కొని బయటపడ్డాను. ఆ ముఖ్యమైన మాట ఆ గదిలోనే ఉండిపోయింది.

మరి చీరల అంగట్లో రోజూ జరిగే పనేమిటి? మీరే చెప్పండి. బేరం! ఎవరైనా "తగ్గించమ్మా" అనగానే బిగించాలని తీర్మానించుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఏ పనైనా అరకొరగా చేసే రకం కాదు గదా నేను, అందుకని కింది కండరాలతో పాటు పళ్ళు, పిడికిళ్ళు, కనుబొమ్మలు అన్నీ బిగించాను. ఊపిరి కూడా ఆపాను. చూపు ఎటు పోతోందో చూసుకోలేదు. అది తిన్నగా కొనేవాళ్ళ మీదే ఉండేదట.

"కొంచెం తగ్గించమ్మా" అని మొదలుపెట్టిన మనిషి నా ముఖం చూసి, "వద్దులేమ్మా, కట్టియ్యి" అని డబ్బు చేతిలో పెట్టి వెళ్ళిపోయేది.

"ఏం మంత్రం నేర్చినావే?" అని మా ఆయన అబ్బురపడ్డాడు. నేను గుంభనంగా డబ్బు గల్లాపెట్టెలో వేసుకున్నాను.

ఇలా ఉండగా కోయిలకుంట్ల పక్క పల్లె నుంచి పెళ్ళి చీరలకని ఒక కుటుంబం దిగింది. అంగట్లో చీరలు పరిచే పరుపు నిండా ఆడవాళ్ళు, గుమ్మం దగ్గర మగవాళ్ళు. వాళ్ళకు పెద్ద, పెళ్ళికూతురి అవ్వ ఓబులమ్మ. ఆమె తల ఊపితే బేరం కుదిరినట్టు, లేకపోతే అందరూ పక్క అంగట్లో ఉన్నట్టు.

"ఈ పట్టుసీర అంత ధరనా! తగ్గించు శెట్టెమ్మా," అంది ఓబులమ్మ.

బిగించాను.

"ఏందమ్మా, మొగం అట్ల పెట్టినావు? తగ్గించమంటాండా, అంతే గదా."

మళ్ళీ బిగించాను.

"ఒసే, ఈమె కండ్లు సూడండే, ఎట్ల ఎర్రబడతాండాయో! తగ్గించు తల్లీ!"

ఒక బిగింపు వదిలేలోపే ఇంకొకటి. ముఖం కందగడ్డయింది, ఒళ్ళు వణకసాగింది.

"శెట్టీ! నీ పెండ్లానికి అమ్మోరు పూనింది!" అని కేక పెట్టింది ఓబులమ్మ.

మా ఆయన నన్ను కట్టుకున్నవాడు, నా తీరు తెలిసినవాడు, "ఛ, అదేం లేదు" అనాలా వద్దా? పరుగున పోయి కర్పూరం వెలిగించి తెచ్చాడు. ఓబులమ్మ చేతులు జోడించింది.

"తల్లీ, మా పాప పెండ్లి సక్కంగా జరుగుతాదా?"

వెనక నుంచి పెళ్ళికూతురు అందుకుంది. "సీర ధర గూడా అడగవ్వా!"

ఇక నా వల్ల కాలేదు. ఇన్నేళ్ళు అణచుకున్న నవ్వు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. దాని వెంటే అదీ వచ్చింది. కింద తెల్ల దుప్పటి. నవ్వు అక్కడికక్కడే ఆగిపోయింది. లేవలేను, కూర్చోలేను. సిగ్గుతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఓబులమ్మ దుప్పటి వైపు చూసింది, నా వైపు చూసింది. జోడించిన చేతులు దించింది.

"మగోళ్ళంతా పోయి టీ తాగి రాపోండి. శెట్టీ, నువ్వు గూడా."

గుమ్మానికి తెర లాగించి నా పక్కనే చతికిలబడింది. "ఇదా నీ అమ్మోరు? నాకూ ఉండాది తల్లీ. బస్సులో దగ్గొస్తే ఎట్లని మంత్రాలయం పోక ఎన్నేండ్లాయనో."

"నాకు గూడా అత్తా," అంది ఆమె కోడలు మెల్లగా.

"నీకా? నాకెప్పుడూ సెప్పలేదే!"

"నువ్వు సెప్పినావా?"

నేను మొత్తం చెప్పేశాను. "అదేందో మాకూ నేర్పు" అన్నారందరూ. ఆ తడిలో కూర్చొని కూడా నాకు గర్వం పొంగిందంటే నమ్మండి. గురువునయ్యాను గదా!

"పళ్ళు బిగించండి! కనుబొమ్మలు! పిడికిళ్ళు! ఊపిరి ఆపండి!"

సరిగ్గా అప్పుడే మా ఆయన టీ గ్లాసుల పళ్ళెంతో తెర తొలగించాడు. పరుపు మీద వరసగా అమ్మవార్లు, అందరి చూపూ ఆయన మీదే. పళ్ళెం కిందపడింది.

"తగ్గిస్తా తల్లులారా! మీరు అడిగినంతకే ఇస్తా!" అని దండం పెట్టాడు.

అడిగినంతకే ఇచ్చాడు కూడా.

నేను చీర మార్చుకోగానే ఓబులమ్మ అందరినీ వెంటేసుకొని వెళ్ళి ఆ వ్యాయామాల అమ్మాయి ముందు కూర్చోబెట్టింది. నా పద్ధతి చూపిస్తే ఆ పిల్ల తల పట్టుకుంది.

"మొగం కాదక్కా! మొగం, కడుపు, తొడలు అన్నీ వదులుగా ఉండాల. ఊపిరి మామూలుగా ఆడాల. ఆ మాట సెప్పేలోపే పారిపోతివి గదా!"

ఆ తర్వాత నెలల తరబడి పట్టు వదలకుండా, ఈసారి సరిగ్గా చేశాం. కొన్నాళ్ళకు ఓబులమ్మ మంత్రాలయం ప్రసాదం పట్టుకొని మా అంగడి మెట్లెక్కింది. "దోవ పొడుగునా దగ్గినా శెట్టెమ్మా, సుక్క పడలే!" అని మగవాళ్ళ ముందే గట్టిగా ప్రకటించింది. పల్లెలో ఆడవాళ్ళకు తనే నేర్పుతోందట. ఆమెను చూసి నా గుండె ఎంత ఉప్పొంగిందో చెప్పలేను.

ఇప్పుడు నా ముఖం ప్రశాంతంగా ఉంటోంది. దాంతో కొనేవాళ్ళు ఇష్టమొచ్చినట్టు బేరమాడుతున్నారు. మొన్న ఒకామె చీరను దాదాపు ఉత్తపుణ్యానికి కొనుక్కుపోయాక మా ఆయన నా పక్కకు జరిగాడు.

"నీకు బాగైంది, శానా సంతోషం. అయినా... ఆ పాత మొగం అప్పుడప్పుడన్నా పెట్టగూడదా?"

పొట్ట పట్టుకొని, పరుపు మీద వెనక్కి వాలి, మూడో అంగడివాళ్ళు తొంగిచూసేలా నవ్వాను. లేచి చూసుకుంటే దుప్పటి పొడిగా ఉంది.

అందుకని మా అంగడి గల్లాపెట్టె మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ వ్యాయామం చేసినా అందులోకి నా ముఖాన్ని రానివ్వను. కట్టుకున్నవాడు లాభాల కోసం కాళ్ళు పట్టుకున్నా సరే, రానివ్వను.