గోదావరి ఒడ్డున తిన్న అన్నం

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, నా పేరు మార్తమ్మ, సూరారంలో బట్టలు కుట్టుకుని బతుకుతున్నాను. మీలో చాలామంది నన్ను ఎరుగుదురు గాని దేవుడు నన్ను ఎక్కడి నుంచి లేపాడో ఎరుగరు, అది చెప్పుకోవడానికే ఈ ఉదయం నిలబడ్డాను.

మా ఆయన ఫ్యాక్టరీ బస్సు కోసం నిలబడ్డ చోటే గుండె పట్టుకుని కూలిపోయాడు. ఆ రోజు నుంచి నాకు అన్నం సహించలేదు, ముద్ద కలుపుకుంటే గొంతు దిగదు, మందిరానికి వస్తే పాట నోట రాదు, మనిషిని చిక్కి సగమయ్యాను. నా తమ్ముడు దానియేలు శామీర్‌పేట చెరువులో పడవలు నడిపే పని చేస్తాడు. వాడు నా అవస్థ చూడలేక, ఇద్దరు ముందూ వెనకా కూర్చుని తెడ్లు వేసే సన్నని కయాక్ పడవలో నన్ను పొద్దున్నే తిప్పడం మొదలుపెట్టాడు. నీళ్ల మీద ఉన్నంతసేపూ కొంచెం ఊపిరాడేది. గోదావరి మీద రెండు రోజులు అట్లా ప్రయాణం చేయాలని వాడికి ఎప్పటి నుంచో కోరిక, నువ్వూ రా అక్కా అన్నాడు, సరేనన్నాను.

అక్కడే నేను ఒక పిచ్చి పని చేశాను. "ప్రభువా, ఈ ప్రయాణం ముగిసేదాకా మెతుకు ముట్టను, నా ఉపవాసం చూసి ఈ దుఃఖం తీసెయ్యి తండ్రీ" అని మొక్కుకుని తమ్ముడికి చెప్పలేదు. ముందు కూర్చునేది నేనే కాబట్టి, వాడు ఇచ్చిన చపాతీలు తుంచి చేపలకు వేస్తుంటే వెనకున్న వాడికి కనబడలేదు. నదే మమ్మల్ని మోసుకుపోతుందనుకున్నాం గాని, దిగువన కట్టిన ప్రాజెక్టు వల్ల నీళ్లు నిలిచిపోయి అదొక పెద్ద చెరువులాగే ఉంది, పైగా మధ్యాహ్నం ఎదురుగాలి. గాలి లేని పొద్దుటి పూట తప్ప మేమిద్దరం కలిసి ఎన్నడూ తెడ్డు వేసినవాళ్లం కాదు. నా కళ్లు చీకట్లు కమ్మి ఒక పక్కకు ఒరిగాను, పడవ బోల్తా పడింది. లైఫ్ జాకెట్లు ఉన్నాయి కాబట్టి తేలాం, దానియేలు ఒక చేత్తో నన్నూ ఒక చేత్తో పడవనూ పట్టుకుని నీళ్లు మింగుతూ అరుస్తుంటే చేపలు పట్టే భార్యాభర్తలు వచ్చి ఒడ్డుకు చేర్చారు. ఆ తల్లి వేడన్నంలో చేపల పులుసు పోసి ముందు పెట్టింది. ఉపవాసంలో ఉన్నానమ్మా అన్నాను.

తమ్ముడు నన్నే చూస్తూ మెల్లగా అన్నాడు. "అక్కా, నువ్వు ఉపవాసం ఉంటలేవు. బావ పోయినప్పటి సంది నీకు ఆకలే అయితలేదు. దానికే ఉపవాసమని పేరు పెట్టుకున్నవ్."

నాకు ఒళ్లు మండిపోయింది, మేడ్చల్‌లో బస్సు దిగేదాకా వాడితో మాట్లాడలేదు. కాని సహోదరులారా, మిషను ముందు కూర్చున్న ప్రతిసారీ ఆ మాటే గుర్తొచ్చేది. కోరుకున్నదాన్ని వదులుకుంటే కదా ఉపవాసం, నేను వదులుకున్నదేముంది? ఒకరోజు కుడుతున్న జాకెట్టు మీదే తల వాల్చి, "తండ్రీ, నీకియ్యడానికి నా దగ్గర ఏమీ లేదు, ఆకలి కూడా లేదు, అదైనా నువ్వే ఇయ్యి" అని ఏడ్చాను. వెంటనే అద్భుతమేమీ జరగలేదు, అబద్ధం చెప్పను. మందు మింగినట్టు రెండు ముద్దలు మింగడం మొదలుపెట్టాను. శామీర్‌పేటలో ఈసారి గాలి వీచే వేళ కూడా తెడ్డు వేశాం, పడవ బోల్తా పడితే ఎక్కడం నేర్చుకున్నాం, అన్నిటికన్నా కష్టంగా, అలసిపోతే అలసిపోయానని చెప్పడం నేర్చుకున్నాను.

మరుసటి చలికాలం మళ్లీ గోదావరికి వెళ్లాం. తెల్లవారకముందే బయలుదేరి, గాలి లేవగానే ఒడ్డెక్కి, తిని పడుకునేవాళ్లం. రెండో రోజు నది మధ్యలో ఉండగా కడుపులో ఏదో మంట, జబ్బు చేసిందేమోనని భయపడ్డాను, తర్వాత అదేమిటో తెలిసింది.

"తమ్మీ, నాకు ఆకలైతాందిరా" అన్నాను.

వెనక తెడ్డు చప్పుడు ఆగిపోయింది. వాడు ఏడుస్తున్నాడని తెలుసు గాని పడవ ఊగుతుందని తిరిగి చూడలేదు. ఒడ్డున మామిడికాయ తొక్కుతో అన్నం తింటూ మా ఆయన కోసం కడుపారా ఏడ్చాను, ఏడుస్తూనే మళ్లీ పెట్టించుకున్నాను. దుఃఖం పోలేదు, నా పక్కనే ఉంది, కాని ఇప్పుడది నా గొంతు పట్టుకోవడం లేదు. దేవునికే మహిమ!

ప్రియులారా, మీలో ముద్ద దిగనివాళ్లుంటే దేవునికి ఏదో ఇచ్చి మెప్పించాలని చూడకండి, నా దగ్గర ఏమీ లేదు తండ్రీ అని చెప్పండి, ఆయన కోపగించుకోడు. ఆరాధన అయ్యాక కింద భోజనాలున్నాయి, పప్పు నేనే వండాను. నమ్మే ఓపిక లేనివాళ్లు కూడా వచ్చి నా పక్కన కూర్చోండి, తినలేకపోతే ఊరికే కూర్చోండి. నేను మాత్రం తింటాను, నాకు ఆకలిగా ఉంది.